పాత కార్ల వెనుక కిటికీలు: బిగింపు అద్దం నుండి జరుపుడు అద్దానికి

మోటారు వాహనాల చరిత్రలో ఇంజనుకు దక్కిన గౌరవం కిటికీకి దక్కలేదు. ఇంజను శక్తిని గూర్చి గ్రంథాలు వెలువడినవి. కిటికీని గూర్చి మాత్రం కారు కొనునప్పుడు సైతం ఎవరూ ప్రశ్నింపరు. అయినను వైశాఖ మాసపు మధ్యాహ్నవేళ రెండు తలుపుల పాత కారులో వెనుక సీటున కూర్చున్న వానికి ఇంజను ఎన్ని గుర్రాల శక్తిగలదన్న విషయంకంటె, ప్రక్కనున్న అద్దం తెరచుకొనునా లేదా అన్నదే ముఖ్యమైన విషయం. అట్టి అద్దాన్ని తెరచుకొనునట్లు మార్చుట ఎట్లు, ఏ కారుకు మార్చవచ్చును, ఏ కారుకు మార్చరాదు అన్న విషయాలను ఈ వ్యాసంలో విద్యార్థి మిత్రుల ముందుంచదలచినాము.

మొదట, వెనుక కిటికీ అద్దాన్ని కదలకుండ ఎందుకు బిగించినారో తెలిసికొనవలెను. ముందు తలుపులో అద్దం క్రిందికి దిగవలెనన్న, ఆ అద్దమెంత ఎత్తున్నదో తలుపు లోపల అంత ఖాళీ జాగా ఉండవలెను. రెండు తలుపుల కారులో వెనుక కిటికీ క్రింద ఉండునది తలుపు కాదు, చక్రం పైకప్పు. అద్దం దిగుటకు అక్కడ చోటు లేదు. అందుచేత తయారీదారులు రబ్బరు బీడింగుతో అద్దాన్ని బిగించి ఊరకున్నారు. ఖర్చు తగ్గినది, వాననీరు కారుట తగ్గినది. 1961లో మద్రాసు నుండి వెలువడిన స్టాండర్డ్ హెరాల్డ్ ఇందుకు మనకు దగ్గరి ఉదాహరణ. ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డ్ దాని మాతృక. ఆకృతి ఇటలీ దేశీయుడైన మికెలోట్టి కల్పించినది. మన దేశంలో అది మొదట రెండు తలుపులతోనే వచ్చినది, నాలుగు తలుపుల రూపం తరువాతి కాలపుది. జర్మనీ దేశపు ఫోక్స్‌వ్యాగన్ బీటిలుకును వెనుక ప్రక్క అద్దాలు సాధారణంగా కదలనివే. 2014లో ఉత్తరపారాలో ఉత్పత్తి ఆగిపోయిన మన అంబాసిడరుకు ఈ చిక్కు లేదు. దానికి నాలుగు తలుపులు, వెనుక తలుపు అద్దాలు సైతం క్రిందికి దిగును. కదలని అద్దం ఎండ అరుదైన దేశాలలో పుట్టిన ఏర్పాటు. ఆ దేశాలవారికి అందువలన బాధ లేకపోయినది. మనకు ఉన్నది.

మన ఉండి ప్రాంతపు పరిస్థితిని కొంచెం గమనింపుడు. భీమవరం నుండి ఉండి మీదుగా ఆకివీడు వైపు సాగిన, రోడ్డు ప్రక్కన నీరు కనుపించని చోటు తక్కువ. ఉండి కాలువ, వెంకయ్య వయ్యేరు, ఇటు పంట బోదెలు, అటు చేపల చెరువులు, ఇంకను ముందుకు పోయిన కొల్లేరు, ఉప్పుటేరు. తాడేపల్లిగూడెం వైపుగాని ఏలూరు వైపుగాని పోయినను కాలువ మనలను విడువదు. ఇంత నీటి నడుమ గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు. తేమగల వేడిలో మనిషికి ఉపశమనమిచ్చునది చెమటను ఆర్చివేయు గాలి ఒక్కటే. అందుచేత ఎయిర్ కండిషను లేని పాత కారులో కిటికీ విలాసవస్తువు కాదు. అదే నీరు ఈ కిటికీకి మరియొక ప్రాముఖ్యాన్ని కూడ కల్పించుచున్నది. దానిని తరువాత ప్రస్తావింతుము.

జరుపుడు అద్దం క్రొత్త వింత కాదు. మన కళాశాల గ్రంథాలయంలోని అద్దాల బీరువాను తలచుకొనుడు. రెండు గాడులు, రెండు అద్దాలు, ఒకదాని వెనుకకు మరొకటి జరుగును. ఆర్టీసీ బస్సు కిటికీలోనూ ఉన్నది ఈ సూత్రమే. 1959లో ఇంగ్లండులో వెలువడిన మినీ కారు ముందు తలుపులకు ఇట్టి అద్దాలే అమర్చినారు. దాని రూపకర్త అలెక్ ఇసిగోనిస్ టర్కీలోని ఇజ్మీరు పట్టణంలో జన్మించినవాడు. అద్దం క్రిందికి దిగనక్కరలేదు కావున తలుపు పలుచనైనది. మిగిలిన జాగాలో సామాను పెట్టుకొను పెద్ద అరలు ఏర్పడినవి. పాత ల్యాండ్‌రోవరులోను, ఫ్రాన్సు దేశపు రెనో 4 కారులోను ఈ పద్ధతియే కలదు. మన దేశంలో 1984లో వచ్చి 2019 వరకు తయారైన మారుతి ఓమ్ని వ్యానులో మధ్య తలుపుల అద్దాలను ఎరుగని వారుండరు. పాత కారు యజమాని కోరునది ఆ సౌకర్యాన్నే.

వెనుక కిటికీని తెరచిన లోపలికి గాలి కొట్టునని చాలమంది తలంతురు. నిజానికి జరుగునది వేరు. కారు వేగంగా పోవునప్పుడు ప్రక్కల ఒరసికొని పోవు గాలి పీడనం లోపలి గాలి పీడనంకంటె తక్కువగా ఉండును. అందుచేత వెనుక ప్రక్క కిటికీ తెరచినచో లోపలి గాలి బయటకు లాగబడును. ముందు తలుపు మూలన తిరుగు చిన్న ముక్కోణపు అద్దాన్ని లోనికి త్రిప్పిన, అక్కడ ప్రవేశించిన గాలి సీట్ల మీదుగా ప్రవహించి వెనుక కిటికీగుండా పోవును. గాలికి రాకయు పోకయు రెండును ఉన్నప్పుడే ప్రవాహమేర్పడును. వెనుక అద్దం బిగించియున్న కారులో ముందువారికి గాలి కొట్టుచుండగా వెనుకవారు ఉక్కపోతతో బాధపడుటకు కారణమిదియే.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. అద్దాన్ని కొంచెం జరిపి ఉంచినాము గదా అని ఎండలో నిలిపిన కారులో పసిపిల్లలను విడిచి పోరాదు. 2005లో అమెరికాలో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, ఎండలో నిలిపిన కారులోని ఉష్ణోగ్రత గంటలో సగటున 22 డిగ్రీల సెంటీగ్రేడు పెరిగినట్లును, ఆ పెరుగుదలలో నూటికి ఎనభై వంతులు మొదటి అరగంటలోనే జరిగినట్లును తేలినది. కిటికీలను కొద్దిగా తెరచి ఉంచుటవలన చెప్పుకోదగిన ప్రయోజనం కనుపించలేదు. జరుపుడు అద్దం నడుచుచున్న కారుకు ఉపకరించును. నిలిచిన కారుకు అది రక్షణ కాదు.

ఇక నీటి సంగతి. కాలువగట్టు రోడ్లపై కార్లు అదుపు తప్పి నీట పడిన వార్తలు మన ప్రాంతపు పాఠకులకు క్రొత్తవి కావు. రెండు తలుపుల కారులో వెనుక కూర్చున్నవారు మామూలు వేళల్లో సైతం ముందు సీటును వంచిగాని దిగలేరు. వెనుక కూర్చుండునది తరచు పిల్లలు, స్త్రీలు, వృద్ధులు. కనుక ఈ విషయాన్ని లెక్కతో పరిశీలింతము.

తలుపు వెడల్పు ఒక మీటరనియు, తలుపు క్రింది అంచు నుండి అర మీటరు ఎత్తువరకు బయట నీరు చేరినదనియు, లోపలికి ఇంకను నీరు రాలేదనియు అనుకొందము. నీటి పీడనం లోతుతోపాటు పెరుగును కావున సగటు లోతు పావు మీటరు. మొత్తం బలం సుమారు 1225 న్యూటన్లు, అనగా 125 కిలోల బరువుతో సమానం. కీలుకు ఎదురుగానున్న అంచువద్ద త్రోసినను అందులో సగం, అరువది కిలోలకు మించిన బలం కావలెను. కూర్చున్నచోట నుండి ప్రక్కకు అంత బలంతో త్రోయుట బలవంతునికి సైతం కష్టం. నీరు ఇంకొక అర మీటరు పెరిగిన, ఆ బలం రెట్టింపుకాదు, నాలుగు రెట్లగును.

జరుపుడు అద్దం విషయం వేరు. తలుపు నీటికి ఎదురుగా తెరచుకొనవలెను. అద్దం నీటికి అడ్డముగా జరుగును. నీరు అద్దాన్ని గాడికి అదిమిపట్టును. మనం జయింపవలసినది ఆ అదుము వలన కలుగు ఘర్షణను మాత్రమే. అద్దం 315 మిల్లీమీటర్ల వెడల్పు, 300 మిల్లీమీటర్ల ఎత్తు గలదనియు, నీరు సరిగా దాని పై అంచువరకు వచ్చినదనియు అనుకొనుడు. అదుము సుమారు 14 కిలోలు. ఘర్షణ గుణకం 0.4 అనుకొన్నచో అయిదారు కిలోల లాగుడు చాలును. పదేళ్ల బాలుడు సైతం లాగగలడు. అదే అద్దం పై అంచు నీటిలో ఒక మీటరు లోతున ఉన్నచో అదుము నూరు కిలోలు దాటును, లాగుటకు నలువది కిలోలకు పైగా బలం కావలెను. కనుక నీట పడిన కారులో అద్దాన్ని జరుపవలసినది నీరు దానిని ముంచకముందే.

అయితే ఇందులో ఒక లోపమున్నది, దానిని దాచరాదు. జరుపుడు కిటికీ ఎన్నడును సగానికి మించి తెరచుకొనదు. 600 మిల్లీమీటర్ల చట్రంలో రెండు అద్దాలు ఒకదానిపై ఒకటి 30 మిల్లీమీటర్లు కప్పుకొనవలెనన్న ఒక్కొక్కటి 315 మిల్లీమీటర్లుండవలెను. మిగులు ద్వారం 285 మిల్లీమీటర్లు. చిన్నపిల్లలు దూరగలరు. లావుపాటి పెద్దలు దూరలేరు. అందుచేత అద్దం మార్చినను మార్చకున్నను కొనదేలిన ఉక్కు సుత్తి ఒకటి వెనుక సీటుకు అందునట్లు ఉంచుట వివేకం. టఫెన్డ్ గాజును దానితో మూలన కొట్టిన ముక్కముక్కలై రాలును. రెండు గాజుల నడుమ పొర గల లామినేటెడ్ గాజు అట్లు రాలదు. కనుక అద్దం మూలనున్న ముద్రను చదివి అది ఏ జాతిదో ముందే తెలిసికొనుడు.

ఈ మార్పు ఏ కారుకు తగును? ఇందులో మా అభిప్రాయం స్పష్టంగానే చెప్పుదుము. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదంలో పసుపు పచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఒకటి కలదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దానిని తెప్పింపదలచి, 1911లోనే కాలధర్మం చెందగా, 1912 నాటి ఆ కారు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఉత్సవాలకు వినియోగపడినది. అట్టి కారుకు ఒక మేకు క్రొత్తగా కొట్టుట కూడ చరిత్రను చెరుపుటయే. అది ప్రయాణసాధనం కాదు, సాక్ష్యం. ఇంట వాడుకలోనున్న హెరాల్డు సంగతి వేరు. పిల్లలను పాఠశాలకు, పెద్దలను వైద్యునివద్దకు తీసికొనిపోవు కారుకు గాలిని నిరాకరించి ప్రాచీనతను కాపాడుట మాకు సమ్మతం కాదు.

ఈ రెంటికి నడుమ చట్టమొకటి ఉన్నది. పాత కార్ల ప్రియులు నియమంగా వింటేజ్ అనునది 1919 నుండి 1930 వరకు తయారైన కార్లను. మన దేశంలో 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు లేక మూలరూపంలో ఉన్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకొనవచ్చును. వాటి నంబరులో 'వీఏ' అన్న అక్షరాలుండును. వాటిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు నడుపవచ్చునేగాని నిత్యప్రయాణాలకు నడుపరాదు. 1961 నాటి హెరాల్డు నేడు ఆ వయస్సును దాటినది. దాని కిటికీ చుట్టునున్న రేకును నేడు కోసినచో, రేపు దాని మూలరూపాన్ని నిరూపించుకొనుట కష్టమగును. కనుక మేము సూచించు పద్ధతి ఒక్కటే: కారు రేకుకు కోతగాని, రంధ్రంగాని పడరాదు. పాత అద్దమున్న రబ్బరులోనే క్రొత్త చట్రం కూర్చుండవలెను. ఎప్పుడు కావలెనన్న అప్పుడు చట్రం తీసి పాత అద్దాన్ని మరల పెట్టగలుగవలెను.

పని మొదలు పెట్టునప్పుడు ముందుగా అద్దం చదునైనదా కాదా చూడవలెను. అద్దంపై పొడుగాటి స్కేలును నిలువునను అడ్డముగను ఆనించిన తెలిసిపోవును. పాత కార్లలో ప్రక్క అద్దాలు చాలవరకు చదునైనవే. అద్దానికి వంపు ఉన్నచో ఈ పని విరమించుకొనుట మంచిది. రెండవది ఆకారం. కిటికీ పై అంచు వంపుగాను, వెనుక అంచు ఏటవాలుగాను ఉండుట సాధారణం. అయితే జరుగు అద్దానికి పై గాడి, క్రింది గాడి సమాంతరంగా, తిన్నగా ఉండి తీరవలెను. లేనిచో అద్దం కొంత జరిగి బిగిసిపోవును. ఇది రేఖాగణితం, మేస్త్రి చేతి నైపుణ్యం దీనిని మార్చలేదు. కావున కిటికీలో వంపు తక్కువగానున్న ముందు భాగాన సమాంతర గాడులను ఏర్పరచి, జరుగు అద్దాన్ని అక్కడ పెట్టి, వెనుకనున్న వంకర భాగాన్ని కదలని అద్దంతో నింపవలెను. ఈ సంగతి తెలియక కిటికీ మొత్తం ఆకారాన్ని రెండుగా విభజించి అద్దాలు కోయించినవారు రెండవసారి డబ్బు పోసికొన్నారు.

అద్దం తీయుటకు ఇద్దరు కావలెను. రబ్బరు పెదవికి సబ్బునీరు పట్టించి, మొనలేని చెక్కముక్కతో లోపలి వైపు నుండి పెదవిని రేకు అంచు మీదికి మెల్లగా మరల్చుచు ఒకరు అరచేతులతో బయటకు త్రోయవలెను, మరొకరు బయట పట్టుకొనవలెను. స్క్రూడ్రైవరు వాడరాదు. టఫెన్డ్ గాజు అంచుకు ఇనుప దెబ్బ తగిలినచో అద్దం మొత్తం చేతిలోనే పొడియగును. తీసిన అద్దాన్ని అట్టపై పెట్టి గీత గీసిన అదియే చట్రానికి నమూనా.

క్రొత్త అద్దాలు టఫెన్డ్ గాజువే కావలెను. కిటికీ అద్దాలు భద్రతా గాజుతో ఉండవలెనని 1989 నాటి కేంద్ర నియమాలలోనే ఉన్నది. ప్రక్క అద్దాలగుండా నూటికి కనీసం ఏబది వంతుల కాంతి ప్రసరింపవలెను. నల్లని ఫిలిము అంటించుటను 2012లో సుప్రీంకోర్టు నిషేధించినది. టఫెన్డ్ గాజు తయారగు విధం విద్యార్థులు తెలిసికొనదగినది. గాజును 600 డిగ్రీలకు మించి వేడిచేసి, రెండువైపుల చల్లని గాలి జల్లుతో ఒక్కసారిగా చల్లార్తురు. పైపొర ముందు గట్టిపడును. లోపలిపొర తరువాత చల్లారి కుదించుకొనబోవగా పైపొర అడ్డుపడును. దానితో పైపొరలో అదుము, లోపల లాగుడు నిలిచిపోవును. ఈ రెండు బలాల సమతూకమే దాని దృఢత్వం. ఎక్కడ కోసినను ఆ సమతూకం చెదరి అద్దం పగిలిపోవును. కనుక కోతలు, అంచు నూరుడు, వ్రేలుపట్టు రంధ్రం సమస్తం ముందే పూర్తిచేసి, ఆ తరువాతనే టఫెనింగు చేయింపవలెను. అట్ట నమూనాలో రెండు మిల్లీమీటర్ల పొరపాటున్న దానిని సవరించుటకు మార్గం లేదు, మరల క్రొత్త అద్దమే చేయింపవలెను. అందుచేత ముందుగా ప్లైవుడ్డు ముక్కలను ఆ కొలతలతో కోసి గాడులలో జరిపి చూచుకొనుట లాభం. ప్లాస్టిక్ రేకులు చవుకయేగాని మన దుమ్ముకు గీతలుపడి ఏడాదిలో మసకబారును.

చట్రానికి అల్యూమినియం ఛానెలు తగును. బయటి అంచు పాత అద్దమంత మందంగా ఉండి రబ్బరు గాడిలో కూర్చుండవలెను. లోపల రెండు గాడులు, వాటిలో ఫెల్టు పట్టీ. ఫెల్టు లేనిచో అద్దం గలగలలాడును. పాత బస్సులలో ప్రయాణించినవారికి ఆ సంగీతం పరిచితమే. పై గాడి లోతు క్రింది గాడి లోతుకు రెట్టింపుండవలెను. అప్పుడు అద్దాన్ని పైకెత్తి క్రిందికి దింపి అమర్చవచ్చును, అట్లే తీయవచ్చును. గ్రంథాలయపు బీరువాలో ఈ ఉపాయాన్నే గమనింపవచ్చును. వ్యాకోచానికి కూడ చోటు విడువవలెను. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగినచో 600 మిల్లీమీటర్ల అల్యూమినియం అర మిల్లీమీటరుకు పైగా పెరుగును. అదే పొడవు గల ఉక్కు దాదాపు 0.3 మిల్లీమీటర్లు, గాజు దాదాపు 0.2 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. చుట్టును రెండు మిల్లీమీటర్ల సందు చాలును.

అసలు శత్రువు నీరు. క్రింది గాడి ఒక చిన్న కాలువవంటిది. వాన కురిసినప్పుడు నిండును. బయటివైపు అయిదారు మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు మూడు పెట్టి ఆ నీటిని పోనీయవలెను. ఆ రంధ్రాలు దుమ్ముతో పూడినచో నీరు లోపలికి పొరలి, సీటు క్రింద చేరి, నేలరేకును తినివేయును. కొల్లేరు, ఉప్పుటేరు పరిసరాల ఉప్పుగాలిలో తుప్పుకు తొందర ఎక్కువ. మరియొక సూక్ష్మం: అల్యూమినియం, ఉక్కు తడిలో ఒకదానినొకటి తాకినచో విద్యుద్రసాయన చర్య ఏర్పడి అల్యూమినియం తెల్లని పొడియై రాలును. రెంటి నడుమ రబ్బరు తప్పక ఉండవలెను. పాత రబ్బరు ఎండి పగిలియున్నచో క్రొత్తది వేయక ఈ పని తలపెట్టరాదు.

బిగించునప్పుడు రబ్బరును ముందుగా చట్రం చుట్టు తొడిగి, రేకు కూర్చుండవలసిన గాడిలో నైలాను తాడును చుట్టి, రెండు కొసలు లోపలికి వదలవలెను. ఒకరు బయటనుండి చట్రాన్ని అదుముచుండగా, మరొకరు లోపలనుండి తాడును మెల్లగా లాగుచు పోయిన, రబ్బరు పెదవి రేకు అంచును దాటి లోపలికి తిరిగి కూర్చుండును. మొదటిసారి చూచినవారికి ఇది గారడీవలె తోచును. విజయవాడ ఆటోనగరులోనేగాక మన చిన్న షెడ్లలోని టింకరింగ్ పనివారికిని ఇది చేతనైన విద్య. ఉర్దూ, తెలుగు రెండును వినవచ్చు మన కళాశాలలో ఒక మాట చెప్పుట అప్రస్తుతం కాదు: మరమ్మతు, కార్ఖానా, దుకాణం, తయారు, జాగా వంటి పదాలు లేక మన తెలుగు మేస్త్రి పూటైనను పని నడుపలేడు. అవి ఉర్దూ ద్వారా వచ్చి మనవైపోయినవి.

కళాశాల సంఘం వారికి ఒక మనవి. పాత సామాన్ల దుకాణంలో దొరకు కారు ప్రక్క రేకు ఒకదానిని, దాని అద్దంతో, రబ్బరుతోసహా ప్రయోగశాలకు తెప్పించినచో, ఘర్షణ, పీడనం, వ్యాకోచం, తుప్పు అను నాలుగు పాఠాలను విద్యార్థులు చేతులతో నేర్చుకొందురు. దానికగు వ్యయం స్వల్పం.

బిగింపు ముగిసిన పిమ్మట అద్దాలు మూసి గొట్టంతో పది నిమిషాలు నీరు చల్లవలెను. మొదట క్రిందినుండి, తరువాత పైనుండి. లోపల పొడి కాగితం పరచియుంచిన చుక్క పడినచోటు తెలియును. గడియ లోపలివైపు మాత్రమే ఉండి, చీకటిలో సైతం వ్రేలికి తగులునట్లుండవలెను. నెలకొకసారి గాడులను పాత టూత్‌బ్రష్‌తో తుడువవలెను. నూనె పోయరాదు. నూనె దుమ్మును పట్టి బంకగా మార్చి, కావలసిన క్షణంలో అద్దాన్ని కదలనీయదు. తీసివేసిన పాత అద్దాలను గుడ్డలో చుట్టి, నిలువుగా పెట్టి, కుడిది ఎడమది అని చీటీ అంటించి, అటకపై భద్రపరచవలెను.